అడుగు లేని గురువు

2015 జులై 18, శనివారం. గోదావరి పుష్కరాలకి అయిదో రోజు. పొద్దున్నే రాజమండ్రి కోటిలింగాల రేవులో మూడు మునకలు వేయించి తెచ్చాక మా అత్తగారు మధ్యాహ్నమంతా పడుకున్నారు. దీపాలు పెట్టే వేళకి మోకాళ్ళు పట్టుకుని డాబా ఎక్కారు. ఆషాఢం మబ్బు ఆ కాసేపు ఎడమిచ్చింది. పడమట నెలవంక, దాని దగ్గర్లోనే శుక్రుడు, గురుడు. ముగ్గురూ జానెడులో ఇమిడిపోయారు.

“ఇందులో సింహరాశిలోకొచ్చినాయన ఎవరమ్మాయ్?” అన్నారు.

బాగా మెరిసేది శుక్రుడని, పక్కన కొంచెం తక్కువగా వెలిగేది గురుడని చూపించాను. ఆవిడ చాలాసేపు చూశారు. “ఇంతమందిని గోదాట్లోకి దింపినాయన ఇంత చుక్కేనా!” అని నవ్వి, వెంటనే అడిగారు. “చంద్రుడి మీద దిగారుగా. ఈయన మీద కూడా దిగుతారా? కాలెక్కడ పెడతారు?”

“పెట్టడానికి నేల లేదత్తయ్యా. అంతా వాయువే.”

“అయితే మొన్న గురువారం సెనగలు దానమిచ్చింది గాలిబుడగకా?”

ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినదాన్ని. రెండు మార్కుల ప్రశ్నకి రాయించే జవాబే ఆవిడకీ చెప్పేశాను. ఆవిడ మాట విన్నాక సిగ్గేసింది. ఆవిడ అడిగింది గురుడు దేనితో తయారయ్యాడని కాదు. ఉన్నవాడికి నిలబడే చోటు ఎందుకు లేదని. తెలుగులో ‘అడుగు’ అంటే పాదం. ‘అడుగు’ అంటే గిన్నెకి కింది భాగం. ‘అడుగు’ అంటే ప్రశ్నించు. నిఘంటువులో ఇవి వేరువేరు మాటలు కావచ్చు గానీ, ఆ సాయంత్రం ఆవిడ నోట్లో మూడూ ఒకటే అయ్యాయి. కాలు పెట్టే చోటు, కింది భాగం, ప్రశ్న.

ముందు ‘గాలిబుడగ’ సంగతి తేల్చాలి. పిల్లల పుస్తకాల్లో గురుణ్ణి, శనినీ వాయు గ్రహాలంటారు. ఆ పేరు పెట్టింది శాస్త్రవేత్త కాదు. 1952లో జేమ్స్ బ్లిష్ అనే సైన్స్ ఫిక్షన్ రచయిత తన కథలో వాడాడు, అందరికీ నచ్చింది, అతుక్కుపోయింది. పేరు వింటే దూదిపింజ లాంటిదేదో కళ్ళకి కడుతుంది. నిజానికి గురుడు 318 భూముల బరువు. మిగతా ఏడు గ్రహాల్నీ ఒక తక్కెట్లో, ఈయన్నొక్కణ్ణీ రెండోదాంట్లో వేస్తే ఈయన వైపే రెండున్నర రెట్లు ఎక్కువ తూగుతుంది. నీటి కంటే కూడా సగటున మూడోవంతు చిక్కన. శని మాత్రం నీటి కంటే పలచనే. ‘గురు’ అంటే సంస్కృతంలో బరువైనదని అర్థం. గురుత్వాకర్షణ అనే మాట అక్కణ్ణుంచే వచ్చింది. అయితే పాతకాలం వాళ్ళు ఆ చుక్కకి గురుడని పేరు పెట్టింది దేవతల గురువు బృహస్పతిని తలుచుకునే గానీ తూచి కాదు. బరువు లెక్క మొదట కట్టింది న్యూటన్, చుట్టూ తిరిగే చందమామల వేగాన్ని బట్టి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి కాకతాళీయాలు దొరికినప్పుడల్లా మన ఋషులకి అంతా ముందే తెలుసని చప్పట్లు కొట్టేవాళ్ళు ప్రతి పెళ్ళిలోనూ నా పక్క కుర్చీలోనే కూర్చుంటారు. ఋషులకి తెలిసినవి వేరే ఉన్నాయి. వాటిని ఇలా చౌక చేయడం నాకు నచ్చదు.

వాళ్ళకి నిజంగా తెలిసినది గురుడి నడక. సూర్యుణ్ణి చుట్టి రావడానికి ఆయనకి 11.86 ఏళ్ళు. ఏడాదికి సుమారు ఒక రాశి. అందుకే పన్నెండేళ్ళకో పుష్కరం. సింహంలో అడుగుపెడితే గోదావరికి, కన్యలో అయితే కృష్ణకి. మన ప్రభవ, విభవల అరవై ఏళ్ళు కూడా ఆయన అయిదు చుట్లే. మా అత్తగారు ధాత నామ సంవత్సరంలో పుట్టారు, అంటే 1936లో. పుట్టినరోజు తెలియదు గానీ ఏ గురుడి లెక్కలో పుట్టారో తెలుసు. నేల లేని ఆ గోళాన్ని ఆధారం చేసుకునే మనం ఏళ్ళు కొలుచుకున్నాం. ఆ మాట ఆవిడతో అంటే, “మరి నేల లేదని ఇప్పుడెందుకు చెబుతున్నావ్?” అన్నారు.

ఎందుకంటే ఒకసారి కిందికి దిగి చూశారు గనక. 1995 డిసెంబర్ 7న గెలీలియో నౌక నుంచి విడిపోయిన 339 కిలోల పెట్టె ఒకటి గురుడిలోకి పడింది. సెకనుకి 47 కిలోమీటర్ల వేగం. రాజమండ్రి నుంచి కాకినాడకి సెకన్నర కూడా పట్టదు. రెండు నిమిషాల్లోపే ఆ వేగమంతా గాలికి తగిలి ఆగింది. ఆ కుదుపులో తన బరువుకి రెండొందల రెట్లకి పైగా భారం మోసింది. తర్వాత గొడుగు విప్పుకుని దిగుతూ, గంటకి కాస్త తక్కువసేపు, చూసినవన్నీ చెబుతూ వచ్చింది. పైన మన గాలి కంటే పలచన, చలి. దిగేకొద్దీ వేడి, ఒత్తిడి. చివరి మాట పంపినప్పటికి ఒత్తిడి మన దగ్గర ఉన్నదానికి ఇరవై రెండు రెట్లు, వేడి నూట యాభై డిగ్రీలు. దిగింది సుమారు 150 కిలోమీటర్లు. కేంద్రం ఇంకా డెబ్భై వేల కిలోమీటర్ల కింద ఉంది. గుమ్మడికాయ తొక్కని గోటితో గీరినట్టు. ఆ తర్వాత పెట్టె దేనికీ గుద్దుకోలేదు. గుద్దుకోవడానికేమీ లేదు. పడుతూ పడుతూ ముందు గొడుగు, తర్వాత అల్యూమినియం, ఆ తర్వాత టైటానియం కరిగి ఆవిరై గురుడిలోనే కలిసిపోయి ఉంటాయి.

తల్లి నౌకని కూడా చివరికి ఆయనలోనే నిమజ్జనం చేశారు. 2003 సెప్టెంబర్ 21న. ఆ ఏడు గోదావరి పుష్కరాలు అయిపోయి నెలన్నర కూడా కాలేదు, గురుడు సింహంలోనే ఉన్నాడు. కారణం వింటే మా అత్తగారికి చాలా నచ్చింది. యూరోపా అనే చందమామలో మంచు కింద సముద్రం ఉంది. భూమ్మీది సూక్ష్మజీవులేవైనా నౌకకి అంటుకుని ఉంటే, అది దారి తప్పి అక్కడ పడితే ఆ నీరు పాడవుతుంది. “మైల పడుతుందని!” అన్నారు ఆవిడ. నేను కాదనలేదు.

కిందికి పోయేకొద్దీ వాయువు ఎక్కడ ఆగి ద్రవం ఎక్కడ మొదలవుతుంది? నేను ఆవిడకి చెప్పలేకపోయింది ఇక్కడే. కుక్కర్లో నీళ్ళుంటాయి, పైన ఆవిరి ఉంటుంది, మధ్య ఒక గీత ఉంటుంది. ఆ నీటిని 374 డిగ్రీలు దాటించి, 220 రెట్ల ఒత్తిడికి పైన ఉంచితే ఆ గీత చెరిగిపోతుంది. ఇటు ఆవిరీ అనలేం, అటు నీరూ అనలేం. హైడ్రోజన్‌కి ఆ హద్దు మైనస్ 240 డిగ్రీల దగ్గరే ఉంది, పదమూడు రెట్ల ఒత్తిడి చాలు. గురుడిలో అంత ఒత్తిడి ఉన్న చోటల్లా అంతకన్నా చాలా వేడి. కాబట్టి అక్కడ సముద్రం లేదు, సముద్రం మీద గాలి లేదు, రెంటికీ మధ్య అల లేదు. పలచనిది చిక్కబడుతూ పోతుంది, అంతే.

అంతర్వేది వెళ్ళినవాళ్ళకి ఇది కొత్త కాదు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట అన్నాచెల్లెళ్ళ గట్టని ఒకటి చూపిస్తారు, ఇటు నది అటు కడలి అని. మనకి గీత కావాలి గనక ఒక ఇసుక మేటకి పేరు పెట్టుకున్నాం. కానీ ఎండాకాలంలో పైనుంచి నీరు తగ్గితే ఉప్పునీరు మైళ్ళ కొద్దీ ఎగదన్నుతుంది. లంకల్లో బోరు నీళ్ళు ఉప్పగా మారేది గట్టు దగ్గర కాదు. గోదావరి ఎక్కడ అయిపోయిందని అడిగితే ఏ చెంబుతో ముంచి చూపించాలి?

ఇంకా కిందికి వెళితే ఒత్తిడి మన గాలికి పది ఇరవై లక్షల రెట్లు దాటేసరికి హైడ్రోజన్ లోహంలా ప్రవర్తిస్తుంది, కరెంటు పారనిస్తుంది. ఇలా జరుగుతుందని 1935లోనే విగ్నర్, హంటింగ్‌టన్ లెక్కకట్టి చెప్పారు. గురుడి అయస్కాంత శక్తికి మూలం అదే. ఇక్కడ కూడా ఇదిగో లోహం మొదలైందని గట్టు కనబడదు. సరే, అన్నిటికీ అడుగున రాయీ లోహాలూ కలిసిన గట్టి ముద్ద ఒకటి ఉంటుంది కదా అని నేను పిల్లలకి చెబుతూ వచ్చాను. బోర్డు మీద నల్లటి చుక్క పెట్టి ‘కోర్’ అని రాసేదాన్ని. ఆ పుష్కరాలయిన మరుసటి ఏడు జులైలో జూనో నౌక గురుణ్ణి చేరింది. దగ్గరగా దూసుకుపోయేటప్పుడు దాని వేగంలో వచ్చే సన్నటి తేడాల్ని రేడియో సంకేతాల్లో పట్టుకుని, లోపల బరువు ఎలా పరుచుకుని ఉందో లెక్కకట్టారు. గట్టి ముద్దేదీ కనబడలేదు. ఉన్న రాతిసారం హైడ్రోజన్‌లో కరిగి, దాదాపు సగం వ్యాసార్ధం దాకా చెదిరి ఉన్నట్టు తేలింది. శని సంగతీ అంతే, ఆయన వలయాల్లోని అలల్ని చదివి చెప్పారు. నా నల్లచుక్క చెరిగిపోయింది. అప్పటికి నేను రిటైరయ్యాను, చెరపడానికి బోర్డు లేదు.

బృహదారణ్యక ఉపనిషత్తులో గార్గి కూడా యాజ్ఞవల్క్యుణ్ణి ఇలాగే, కింద ఏముంది, దాని కింద ఏముంది అని అడుగుతుంది. ఇదంతా నీటిమీద పడుగూ పేకా అయి నేసి ఉంది కదా, మరి నీరు దేని మీద? గాలి మీద. గాలి? అలా ఒక్కో లోకం దాటించుకుంటూ బ్రహ్మలోకాల దాకా తీసుకెళ్ళి, అవి దేని మీద అంటుంది. అక్కడ యాజ్ఞవల్క్యుడు, ఇక అడగకు, తల తెగి పడుతుందంటాడు. చిన్నప్పుడు మా నాన్న ఈ కథ చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండింది. సమాధానం లేనప్పుడు మగపండితులు చేసే పనే కదా ఇది అనుకున్నాను. ఇప్పటికీ ఆ అనుమానం పూర్తిగా పోలేదు. కానీ గురుడి గురించి చదివేకొద్దీ ఇంకో అర్థం కూడా తోచింది. ‘దేని మీద’ అనే మాట ‘కింద’ అనేది ఉన్నంతవరకే చెల్లుతుంది. గురుడి కేంద్రంలో ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువ, కానీ లాగే శక్తి సున్నా. చుట్టూ ఉన్న బరువంతా అన్ని వైపులకీ సమానంగా లాగుతుంది కాబట్టి అక్కడ కింద అనే దిక్కే లేదు. కిందికి, కిందికి అని దిగినవాడికి అడుగు దొరకదు, కింద అయిపోతుంది. భూమి కేంద్రమైనా అంతే. మనకి మాత్రం ఆరువేల మూడొందల కిలోమీటర్ల పైన ఒక పెచ్చు గట్టిపడింది గనక దాని మీద చాప పరుచుకుని కూర్చుని, ప్రతిదానికీ ఒక నేల ఉండాలంటున్నాం.

మరి ఏది మోస్తోంది? ఒక్కో పొరనీ కింది పొర మోస్తుంది. కింది పొరకి ఆ శక్తి పై పొరల బరువు వల్ల అణిగినందుకే వచ్చింది. ఆ పొద్దున రేవులో రద్దీ తగ్గిందనుకుని వెళ్ళినా మెట్ల దగ్గర జనం బిగిసిపోయారు. బయటికొచ్చాక మా అత్తగారన్నారు. “నేను నడవలేదమ్మాయ్. మోసుకొచ్చేశారు. మధ్యలో నా కాళ్ళు నేలకి తగల్లేదు.” మొదటి రోజు ఇదే ఊళ్ళో ఇలాంటి ఒత్తిడిలోనే ప్రాణాలు పోయాయి. అందుకే ఆవిణ్ణి నాలుగు రోజులు ఆపాను. ఒత్తిడి మోస్తుందని చెప్పేటప్పుడు నాకు ఇది గుర్తొచ్చి గొంతు తడబడింది.

మా నాన్న అద్వైతి. తాడుని చూసి పాము అనుకోవాలన్నా అక్కడ తాడు ఉండాలి, అధిష్ఠానం లేకుండా భ్రమ కూడా పుట్టదు అనేవారు. బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడి పేరెత్తితే మొహం చిట్లించేవారు. అడుగున ఏదీ స్వయంగా ఉండనక్కర్లేదు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఉంటే చాలనే మాట ఆయనకి గుండెల్లో గుచ్చుకునేది. ఆయన బతికి ఉంటే గురుడి ఎర్రమచ్చ చూపించి గొడవ పెట్టుకునేదాన్ని. 1831 నుంచి ఎవరో ఒకరు చూస్తూనే ఉన్న తుఫాను అది. భూమి కంటే వెడల్పు. ఇన్నేళ్ళు చెదరకుండా ఒక రూపం నిలిచిందంటే కింద కొండో గుట్టో ఉండి తీరాలని శాస్త్రవేత్తలకే అనిపించింది. 1961లో రేమండ్ హైడ్, గట్టి ఉపరితలం మీది మిట్టకి తగిలి సుడి లేచి ఉంటుందని పెద్ద సిద్ధాంతమే చెప్పాడు. అచ్చంగా మా నాన్న వాదనే. జూనో కొలిస్తే ఆ మచ్చ లోతు అయిదువందల కిలోమీటర్లకి మించలేదు. దాని కింద కొండ లేదు. ఉత్తరానా దక్షిణానా ఎదురెదురుగా వీచే రెండు గాలుల మధ్య ఇరుక్కుని, చిన్న సుడుల్ని మింగుతూ అది తిరుగుతోంది. మెల్లగా చిక్కిపోతోంది కూడా. ఇక్కడ నాగార్జునుడికే నా ఓటు. నాన్న ఊరుకోరని తెలుసు. సుడి రూపమేనే, హైడ్రోజనే అధిష్ఠానం, నగలెన్నయినా బంగారం ఒకటే అంటారు. హైడ్రోజన్ దేని మీద నాన్నా అంటాను. అప్పుడాయన ఉత్తరీయం దులుపుకుని స్నానానికి లేచిపోతారు.

గార్గి మాత్రం లేచిపోలేదు. అది నాకు ఇష్టమైన సంగతి. తల తెగుతుందన్నా మళ్ళీ వచ్చి, సభ అనుమతి అడిగి మరీ రెండో విడత ప్రశ్నలేసింది. ఈసారి ‘అక్షరం’, అంటే నశించనిది, అనే జవాబొచ్చింది, అదీ లావూ కాదు సన్నమూ కాదు, లోపలా లేదు బయటా లేదు అనే కాదుల దండలో. ఆ అక్షరం గురుగ్రహం కాదు. హైడ్రోజన్ గురించి తెలిసినంత మాత్రాన గార్గికి జవాబు దొరికినట్టు కాదు, ఆవిడ అడిగింది గ్రహాల సంగతి కాదు. నాకు దొరికింది చాలా చిన్నది. ప్రతిదానికీ అడుగున గట్టిది ఒకటి ఉండాలన్న పట్టుదల బుద్ధి నుంచి రాలేదు, అరికాళ్ళ నుంచి వచ్చింది.

జులై 22, బుధవారం సాయంత్రం. ఆకాశం మూసుకుంది. మర్నాడు గురువారం, సెనగలు నానబెట్టాలి. చేటలో పోసుకుని మా అత్తగారు అరుగు మీద కూర్చున్నారు. నాలుగు రోజులుగా నేను చెప్పిన ఒత్తిళ్ళూ డిగ్రీలూ విని విని, చివరికి ఆవిడే మొదలుపెట్టారు. ఆవిడ పుట్టిల్లు లంక. బడికైనా పెళ్ళికైనా పడవే.

“ఒడ్డు దగ్గర గెడ వేస్తారమ్మాయ్. నడిగోదాట్లో గెడ అందదు. మా సరంగు అప్పుడేం చేసేవాడనుకున్నావ్? గెడ లోపల పడేసి తెడ్డు తీసేవాడు. అడుగు అందలేదని పడవ మునిగిపోతుందా?”

“పడవ నీళ్ళమీదే కదత్తయ్యా ఉంది. ఆ నీళ్ళు నేలమీద ఉన్నాయిగా” అన్నాను. ఉద్యోగం అలవాటు.

“పడవలో కూర్చుని నేల కోసం చూస్తావు గనకే నీకు కళ్ళు తిరుగుతాయి.”

పెళ్ళయిన కొత్తలో ఆవిడ పుట్టింటికి వెళుతూ పడవలో నేను వాంతి చేసుకున్న సంగతి ఇన్నేళ్ళకి ఇలా బయటికొచ్చింది. జవాబు చెప్పేలోపు చేట నా వైపు తోశారు. “ఇంద, రాళ్ళేరు. నాకు చూపు ఆనట్లేదు.”

కరెంటు పోయింది. లాంతరు తెచ్చుకుని కిలో సెనగలూ ఏరాను. రెండే రాళ్ళు దొరికాయి.